బూర మోగే ఇల్లు

చనిపోయిన మనిషి కోటకు సైన్యం పంపడం ఇప్పుడు నా రోజువారీ పనుల్లో ఒకటి. రాంగోపాల్‌పేట్‌లో నాకో కళ్లద్దాల దుకాణం ఉంది. సాయంత్రం బేరాలు కాస్త తగ్గాక కౌంటరు వెనక కూర్చుని ఫోన్ తెరుస్తాను. పక్క దుకాణాయన టీ తాగుతూ, ఈ వయసులో నీకిదేం పిచ్చి అన్నట్టు చూస్తాడు. చూడనీ. ఆయనకు చెప్పి ఒప్పించే ఓపిక నాకు లేదు. అసలు నాకు ఓపికే తక్కువ.

ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఫోన్లో ఒక్కొక్కరికి ఒక ఊరు ఉంటుంది, చుట్టూ గోడ, మధ్యలో కోట. కొందరం కలిసి ఒక క్లాన్‌గా ఏర్పడి ఇంకో క్లాన్‌తో యుద్ధానికి దిగుతాం. మనం వాళ్ల ఊళ్లు కొడతాం, వాళ్లు మన ఊళ్లు కొడతారు. యుద్ధంలో ఒకరి కోట ఖాళీ అయితే మిగతావాళ్లు తమ సైన్యం పంపి నింపుతారు. నింపినప్పుడల్లా ఆ ఊరి యజమాని ఫోన్లో ఒక బూర మోగుతుంది. కోట నిండుగా ఉంటే మాత్రం ఎవరూ ఏమీ పంపలేరు, బూర మోగదు.

మా క్లాన్ మొదలుపెట్టింది నేనే. అంతకుముందు నేనున్న క్లాన్ వాళ్లు ఒకసారి స్టేషన్ ముందు టీకొట్టు దగ్గర కలుసుకుందామని పోయారు. అక్కడ మాటా మాటా పెరిగి కాలర్లు పట్టుకున్నారు. ఆ రోజుతో అది చెదిరిపోయింది. అందుకే కొత్తదానికి ముందే షరతు పెట్టాను. పేరు, పని, ఇల్లు, నంబరు ఏదీ అడగొద్దు, చెప్పొద్దు. చెప్పకుండా రెండు యుద్ధాలు ఎగ్గొట్టినవాళ్లు బయటికి. నాకు ముక్కు మీద కోపమని తొందర్లోనే అందరికీ తెలిసిపోయింది. తిట్టుకుంటూనే మాట విన్నారు. చూస్తూ చూస్తూ మా క్లాన్ ఎంత పైకొచ్చిందంటే, మా జెండా చూస్తే ఎదుటివాళ్లు డీలా పడిపోయేవాళ్లు.

ఆ పైకి రావడంలో సగం టీచరమ్మ చలవ. ఆ పేరు మేం పెట్టుకున్నదే. మేమందరం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేస్తుంటే, ఆవిడ ఒక్కతే తెలుగు అక్షరాల్లో, చుక్కలూ కామాలతో రాసేది. ఎవరైనా దాడి చేసి రాగానే పదికి ఎన్ని మార్కులో చెప్పేది. నాకెప్పుడూ ఆరు దాటలేదు. "తొందర ఎక్కువ, నాయకుడు గారూ. గోడ చూడకుండా దూకారు" అనేది. వేరే ఎవరన్నా ఆ మాట అంటే బయటికి పంపేవాణ్ణి. ఆవిడ అంటే నవ్వొచ్చేది. ఆవిడ ఊరి గోడలు అంత పకడ్బందీగా ఉండేవి. వచ్చినవాడు వచ్చినట్టే తల పట్టుకుని పోయేవాడు.

పేర్లు దాచుకున్నాం గానీ పండగలు దాచుకోలేం కదా. ఆవిడ ప్రతి ఏడూ లెంటు దినాలకు ఆట మానేసేది. ఈస్టర్ దాకా నలభై రోజులు ఫోన్లో ఆట తెరవదు, అదే ఆవిడ ఉపవాసం. అయితే వెళ్లేముందు నాతో ఒక మాట అనేది. "నన్ను యుద్ధాల్లోంచి తీసెయ్యకండి. ఆడటం మానేస్తాను గానీ, నా ఊరు అడ్డుగా ఉంటుంది." అందుకని ఆవిడ దాడి చెయ్యకపోయినా పేరు యుద్ధంలోనే ఉంచేవాణ్ణి. కోట ఖాళీ అయితే మేం నింపేవాళ్లం. ఈమధ్య మా రంజాన్, వాళ్ల లెంటు కలిసి వస్తున్నాయి. "మీకు సాయంత్రానికి ఇఫ్తార్ సైరన్ మోగుతుంది. నాకు ఈస్టర్ దాకా మోగదు" అని నన్ను ఆటపట్టించేది.

మొన్నటి లెంటుకు కూడా అలాగే చెప్పి వెళ్లింది. మేం కూడా అలాగే అనుకున్నాం. యుద్ధాలు జరుగుతున్నాయి, ఆవిడ కోట ఖాళీ అవుతోంది, నింపుతున్నాం. నింపినప్పుడల్లా ఎవరో ఒకరు ఒక మాట విసిరేవారు. "టీచరమ్మ ఉపవాసంల ఉన్నది, జెర మెల్లగ ఊదుండ్రి బూర." నేను కూడా ఇఫ్తార్ ఖర్జూరం నోట్లో వేసుకుంటూ, "టీచరమ్మా, మేం తింటున్నం, నువ్వు సూడకు" అని రాశాను. ఆ మాట ఇప్పటికీ చాట్‌లో ఉంది. పైకి జరిపితే కనబడుతుంది. నేను జరపను.

ఈస్టర్ రోజు పొద్దున్నుంచీ అందరం కాచుకుని కూర్చున్నాం. శుభాకాంక్షలు రాసి పెట్టాం. కో-లీడర్, రైల్వేలో పనిచేస్తాడని తన మాటల్లోనే బయటపడ్డ కుర్రాడు, ఆవిడ కోసం పెద్ద యుద్ధం ఒకటి ఆపి ఉంచాడు. సాయంత్రమైంది. ఆట తెరిస్తే వెలిగే పచ్చచుక్క ఆవిడ పేరు పక్కన వెలగలేదు. మర్నాడూ వెలగలేదు. వెతుకుదామంటే ఎక్కడ వెతకాలి? ఆవిడది మారేడ్‌పల్లి అని ఒకసారి నోరు జారి అన్న మాట తప్ప మా దగ్గర ఏమీ లేదు. ఆదివారం బండి మీద మారేడ్‌పల్లి వీధులన్నీ తిరిగాను. ప్రతి గేటు వెనకా ఆవిడ ఉండొచ్చు. ఏ గేటు కొట్టి ఎవరిని అడగను? మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాను.

తర్వాత కొన్నాళ్లకు, దుకాణంలో ఒకామె కళ్లకు అద్దాలు చూస్తుండగా పచ్చచుక్క వెలిగింది. అద్దాలు కౌంటరు మీద పెట్టేశాను. సంతోషంగా చాట్ తెరిచాను. అయితే వచ్చిన మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఆవిడ కాదని చదవకముందే తెలిసిపోయింది.

"నమస్తే అండి. ఇది మా అక్క ఫోను. అక్క గుండెనొప్పితో చనిపోయింది, లెంటు మొదలైన రెండో వారంలోనే. లాక్ తియ్యడం ఇప్పుడే కుదిరింది. ఈ బూర సౌండు ఎలా ఆపాలో చెప్తారా?"

రెండో వారం. అంటే మేం మెల్లగా ఊదమని నవ్వుకున్న రోజుల్లో ఆ ఫోన్ ఆవిడ లేని ఇంట్లో మోగుతూనే ఉంది. కళ్లద్దాలకు వచ్చినామె, "ఏమైంది భయ్యా, తబియత్ మంచిగ లేదా?" అని అడిగింది. కౌంటరు మీది అద్దాలు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

చెల్లెలికి నాకు తెలిసిన మాటలన్నీ రాశాను. మీ అక్క టీచరు కదమ్మా, మా అందరికీ పాఠం చెప్పింది అన్నాను. "టీచరు కాదండీ. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునేది. సండే స్కూల్లో పిల్లలకు చెప్పేది, అంతే" అంది. ఇన్నేళ్లు కలిసి యుద్ధాలు చేసిన మనిషి గురించి మాకు తెలిసిన ఒక్క ముక్కా మేం కల్పించుకున్నదే. ఆ రోజే ఆవిడ పేరు యుద్ధంలోంచి తీసేశాను. కోట నిండుగా ఉంది కాబట్టి ఇక బూర మోగే పని లేదు. క్లాన్‌లోంచి మాత్రం తియ్యలేకపోయాను. పేరు ఉండనీ అనుకున్నాను.

వారం తిరక్కుండా చెల్లెలు మళ్లీ వచ్చింది.

"అన్నయ్య గారూ, ఏమీ అనుకోకండి. బూర మళ్లీ మోగించగలరా? అమ్మకు కళ్లు కనబడవు, మరుపు కూడా. అక్క సాయంత్రాలు హాల్లో అమ్మ పక్కన కూర్చుని ఆడేది. బూర మోగితే అమ్మ 'ఆ ఫోను పక్కన పెట్టి అన్నానికి రావే' అని కేకేసి, తను కూడా లేచి వచ్చి తినేది. అక్క పోయాక కూడా అలాగే కేకేస్తుంటే వినలేక మిమ్మల్ని ఆపమన్నాను. ఇప్పుడు మోగట్లేదు. అమ్మ లేవట్లేదు. అది రాలేదుగా, వచ్చాక తింటా అంటోంది."

బూర మోగాలంటే కోట నింపాలి. నింపాలంటే ముందు ఖాళీ అవ్వాలి. ఖాళీ అవ్వాలంటే ఆవిడను యుద్ధంలో పెట్టి, శత్రువు చేత ఆవిడ ఊరు కొట్టించాలి. అన్నాళ్లు ఎవరికీ లొంగని ఊరు.

కో-లీడర్‌కు సంగతంతా చెప్పాను. "పెడదాం గానీ అన్నా, ఎప్పటికీ దాడి చెయ్యనోళ్లు ఒకరుంటే మనం ఓడిపోతం. క్లాన్ కింద పడ్తది, నీకెరికేనా?" అన్నాడు.

"పడనీ."

ఆవిడ ఊరు మొదటిసారి పూర్తిగా కూలిన సాయంత్రం నేను కళ్లారా చూశాను. ఆ గోడలు అప్పటికి పాతబడ్డాయి, ఎదుటివాళ్లవి కొత్త ఆయుధాలు. పడిన ఒక్కో గోడా లెక్కపెట్టాను. కోట ఖాళీ అవగానే అందరం ఎగబడి నింపాం. కాసేపటికి చెల్లెలి దగ్గర్నుంచి ఒక్క మాట వచ్చింది. "తింది."

అప్పట్నుంచి రోజూ అదే మా పద్ధతి. యుద్ధం, ఓటమి, బూర, తింది. గెలుపు కోసం చేరినవాళ్లు మెల్లగా జారుకున్నారు. కోపం రాలేదు నాకు, ఆశ్చర్యం. మిగిలినవాళ్లు ఎవరి వంతు సైన్యం వాళ్లు దాచి ఉంచుతున్నారు. కొన్నిసార్లు దుకాణం షట్టర్ దించుతుంటే, వీధి చప్పుళ్ల మధ్య ఆ బూర వినబడినట్టు ఉంటుంది. నా ఫోన్ జేబులో ఊరికే ఉంటుంది. అయినా తీసి చూస్తాను.

పోయిన నెల ఒక యుద్ధం తర్వాత సైన్యం పంపాం. "తింది" రాలేదు. రెండు రోజులు రాలేదు. కో-లీడర్ మాటిమాటికీ, "ఏమన్న వచ్చిందా అన్నా" అని అడుగుతూనే ఉన్నాడు. అమ్మ నిద్రలోనే వెళ్లిపోయిందని చెల్లెలు తర్వాత రాసింది. మీరందరూ చేసిన సాయం మరువలేనిదని రాసింది. ఇక ఆగిపోవచ్చన్నమాట అనుకుని, ఆవిడ పేరు యుద్ధంలోంచి తీసి పక్కన పెట్టాను.

నిన్న సాయంత్రం పచ్చచుక్క మళ్లీ వెలిగింది.

"అన్నయ్య గారూ, బూర ఎందుకు ఆపేశారు? ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. అన్నం పెట్టుకుని కూర్చున్నాను."

కోట నిండుగా ఉంది. కో-లీడర్‌కు ఫోన్ చేశాను. నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదన్న షరతు ఎప్పుడో గాలికి పోయింది. ఆవిడ పేరు మళ్లీ పెట్టి యుద్ధం షురూ చెయ్యమన్నాను.

"ఎవల మీద అన్నా?"

"జెర గట్టిగున్నోళ్ల మీద" అన్నాను. "జల్దీ కొట్టేటోళ్ల మీద."