మా వంశపు వణుకు

ఆ రోజుల్లో, అంటే తొంభైల నడుమ, చిక్కడపల్లిలో ఎవరింటి ముందైనా కారు నిలబడి ఉందంటే ఆ ఇంట్లోవాళ్ళ నడకే మారిపోయేది. మా పెదనాన్న నడక మారలేదు, అలవాట్లూ మారలేదు. బయటి నుంచి వచ్చినవాడు కాళ్ళు కడుక్కోకుండా గడప దాటకూడదన్నది మా ఇంటి నియమం. సెకండ్‌హ్యాండ్‌లో కారు కొన్నాక ఆయన ఆ నియమాన్ని దానికీ పెట్టాడు. బషీర్‌బాగ్ ఆఫీసు నుంచి రాగానే, బండి వేడి ఇంకా తగ్గకముందే, చల్లటి నీళ్ళు బకెట్లకొద్దీ చక్రాల మీద కుమ్మరించి, ఆ తర్వాతే గేటు లోపలికి తెచ్చేవాడు. (నన్ను కాళ్ళు కడుక్కున్నావా అని అడగడం మానేసింది కూడా అప్పుడే. ఇంట్లో నా స్థానం ఏమిటో తెలిసొచ్చింది.) నేను ఆయన దగ్గరే ఉంటూ అశోక్ నగర్‌లో సర్కారు పరీక్షల కోచింగ్‌కు వెళ్తుండేవాణ్ణి. వెళ్తుండేవాణ్ణి అన్నదే నిజం, చదువుతుండేవాణ్ణి అంటే అబద్ధమవుతుంది.

ఒకనాడు నారాయణగూడ చౌరస్తా దగ్గర బ్రేకు తొక్కగానే స్టీరింగ్ మీద పెదనాన్న చేతులు గజగజ వణికాయట. మర్నాడూ అంతే. ఆయన కారును అనుమానించలేదు, తనను తాను అనుమానించుకున్నాడు. ఎందుకంటే మా తాత పోయింది చేతులు వణికే జబ్బుతోనే. మొదట్లో గ్లాసు పట్టుకుంటేనే వణికేవి, పోను పోను ఏమీ పట్టుకోకపోయినా వణికేవి. అన్నం కలిపి నోట్లో పెట్టడం, మూతి తుడవడం, తడిసిన ధోతి మార్చడం, అన్నీ పెదనాన్నే చేశాడు. అందుకే ఆయనకు చావంటే భయం లేదు గానీ ఆ వణుకంటే ప్రాణం పోయేంత భయం. పెద్దమ్మకు చెప్పకుండా నన్ను పక్కకు పిలిచి, “జర బండి నేర్చుకోరా. రేపు నాకేమన్న అయితే మీ పెద్దమ్మను ఎవరు తిప్పుతరు?” అన్నాడు. ఆ మాటలో ‘బండి’ అన్నది తప్ప మిగతాదేదీ నా చెవికెక్కలేదు.

గల్లీల్లో నెమ్మదిగా తిప్పినన్నాళ్ళూ బాగానే ఉంది. మొదటిసారి పెద్ద రోడ్డెక్కి కాస్త వేగం అందుకున్నాక ముందున్న బస్సు ఆగింది. బ్రేకు తొక్కాను. స్టీరింగ్ మీద నా రెండు చేతులూ జ్వరం వచ్చినవాడిలా వణికాయి. పక్కన కూర్చున్న పెదనాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. “నీగ్గూడ ఒచ్చిందారా బిడ్డా! ఇంత చిన్నగున్నప్పుడే ఒచ్చిందారా!” అంటూ కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. తాత సంగతంతా అప్పుడే చెప్పాడు. నేను నమ్మేశాను. ఆ వారం ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం అరచేతులు చూసుకుంటూ గడిపాం. నేను అశోక్ నగర్ చాయ్ బండి వెనక నిలబడి నిజంగానే ఏడ్చాను, పెళ్ళి చేసుకోకూడదని తీర్మానించుకున్నాను (సంబంధాలేమీ రాలేదనుకోండి), పుస్తకాలు మూసేశాను. చదవకపోవడానికి అంత మంచి కారణం నాకు మళ్ళీ దొరకలేదు.

చివరికి నారాయణగూడలో డాక్టరుకు చూపించుకుందామని బయలుదేరాం. పెద్దమ్మ తానూ వస్తానని వెనక ఎక్కింది. పెద్ద రోడ్డు మీద నేను నడుపుతుండగా పెదనాన్న ఉండబట్టలేక ఆమెకు అంతా చెప్పేశాడు. ఆమె ముందు సీట్ల మధ్యలోంచి వంగి స్టీరింగ్ పట్టుకుంది.

“ఏదీ, బ్రేక్ తొక్కు” అంది నాతో.

తొక్కాను. ఆమె గాజులు గలగలలాడాయి.

“ఏందయ్యా ఇది? నేను మీ ఇంటికి కోడలిగ ఒచ్చినదాన్ని. మీ నాయన రోగం నాకెట్లొస్తది?”

పెదనాన్న వెనక్కి తిరిగి ఆమె గాజులు తడిమి చూశాడు. “రోగం మీకు గాదు, బండికొచ్చింది. డాక్టర్ తాన గాదు, మెకానిక్ తానికి పోనీయ్‌రా” అంది పెద్దమ్మ.

మెకానిక్ ముందు చక్రాలు విప్పి, బ్రేకు డిస్కులు వంకర తిరిగాయని, బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణికేది అందుకేనని, వేడి మీద చల్లనీళ్ళు పడితే ఇట్లనే అయితదని చెప్పాడు. పెదనాన్న ఆకాశం వంక చూశాడు, పెద్దమ్మ ఆయన వంక చూసింది. కొత్త డిస్కులు వేశాక తిరుగు దారిలో ఆయనే నడిపాడు. కారణం లేకుండా పది గజాలకోసారి బ్రేకు తొక్కుతూ, కదలని చేతుల్ని చూసుకుని నవ్వాడు. వెనక ఆటోవాళ్ళు తిట్టిన తిట్లు రాయలేను. నేను మర్నాటి నుంచి మళ్ళీ చదవాల్సి వచ్చింది.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చాలా ఏళ్ళకు ఆ వణుకు నిజంగానే వచ్చింది, పెదనాన్నకు. ఈసారి పట్టించుకోవాల్సింది మనిషినే, మార్చడానికి ఏ సామానూ లేదు. నేను అన్నం కలిపి నోటికి అందిస్తూ కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన నమలడం ఆపి, “దీనికి ఒకసారి ఏడ్చేసినం గదరా. మళ్ల ఏడుస్తమా?” అన్నాడు. అంత భయపడ్డ మనిషి, నిజంగా వచ్చినప్పుడు భయపడలేదు.

ఇప్పుడు నాకూ ఆయన కారు కొన్ననాటి వయసు వచ్చింది. చేతులు ఇప్పటికైతే బాగానే ఉన్నాయి. ఒకవేళ మొదలైనా, నా వంతు ఏడుపు ఆ చాయ్ బండి వెనక నిలబడ్డ అప్పటి కుర్రాడు ఎప్పుడో ఏడ్చేశాడు కదా అని ధైర్యం చెప్పుకుంటాను. పాపం, వాడు ఎంత మనస్ఫూర్తిగా ఏడ్చాడో నాకు తెలుసు.