దారికి అడ్డంగా పచ్చి మండ

మల్కాపురం వెనక కొండ మీద జీడితోటల మధ్య ఒక కాలిబాట ఉంది. ఆదివారం పొద్దున్నే నేనూ, మా అక్క మొగుడూ సైకిళ్లు భుజాన వేసుకుని దాన్ని ఎక్కేవాళ్లం. సైకిల్ కదా మనల్ని మోయాలి అనేవాళ్లుంటారు. దిగేటప్పుడు మోస్తుంది. బావ విషయంలో మోయడమనేది కాస్త చిన్నమాట.

కంచరపాలెంలో రైలు గేటు దగ్గర ఆగి ఆగి విసిగిపోయిన మనిషి. ఆ ఆలస్యమంతా కొండ దగ్గర వసూలు చేసుకునేవాడు. బరువు తగ్గాలని సైకిల్‌కి స్టాండు పీకేశాడు, మడ్‌గార్డులు పీకేశాడు, చివరికి గంట కూడా పీకేశాడు. నీళ్లసీసా, ఫోనూ ఉన్న సంచి నా భుజానికి తగిలించాడు. నేనెలాగూ బ్రేకుల మీదే దిగుతాను కాబట్టి నా బరువు గురించి ఎవరికీ బెంగ లేదు.

వేగం సంగతి అలా ఉంచితే, మర్యాదస్తుడు. బావమరిదినైనా నన్నూ బావా అనే పిలుస్తాడు. ఎక్కేవాళ్లకి దారి వదులుతాడు. మేకలు ఎదురైతే దిగి నిలబడతాడు. బాట మీద రాయో కొమ్మో కనిపిస్తే, వెనకొచ్చేవాడు పడిపోతాడని ఆగి, పక్కకి తీసి మరీ కదులుతాడు. సైకిళ్లవాళ్లలో అది పెద్ద సంస్కారం.

ఆ రోజు గాలి లేదు. కింద పోర్టులో క్రేన్లు బొమ్మల్లా ఉన్నాయి. దిగుతుంటే కొండ నడుం దగ్గర బాట ఒక్క మనిషి పట్టేంత సన్నమవుతుంది. ఒక పక్క రాతిగోడ. రెండో పక్క ఏమీ ఉండదు, ఎక్కడో అడుగున జీడిచెట్ల తలలు తప్ప. సరిగ్గా అక్కడ, దారికి అడ్డంగా ఒక పచ్చి మండ పడుంది.

"సూడు బావా, ఎవరో తొక్కి పడిపోతారు" అంటూ బావ దిగి దాన్ని తీసి పక్కన పారేశాడు. దాని మీద ఒక రాయి కూడా ఉంది. గాలి లేని రోజున పచ్చి కొమ్మ విరిగిపడటం, పడ్డదాని మీదికి రాయి ఎక్కి కూర్చోవడం కొంచెం విచిత్రమే. ఆ మాట నేను అనేలోపు బావ మలుపు తిరిగిపోయాడు.

నేను బ్రేకులు సరిచూసుకుంటుంటే, తోటలోంచి కొడవలీ తాడూ పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. ముందు నన్ను చూడలేదు, నేలకేసి చూసింది.

"మండేది బాబూ? నాను ఇక్కడే ఏసినాను."

"మా బావ తీసేశాడమ్మా."

ఆవిడ బాట దిగువకి తొంగి చూసింది.

"కట్టెల మోపులతోటి మనుసులు దిగితే మండేత్తాం. కిందికెల్లిపోయినాక మళ్లీ పైకొచ్చినోళ్లు తీత్తారు. మా కోడలు ముందెల్తంది. నెత్తి మీద మోపుంటే ఎనక్కి తిరగలేదు, ఇనబడదు. మీ బావకి గంటుందా?"

"పీకేశాడమ్మా."

"బావా" అని అరిచాను. కొండ నాకే తిరిగి చెప్పింది. ఫోన్ చేశాను. నా భుజం మీది సంచిలోంచి మోగింది.

ఆవిడ చెప్పుల్లేకుండా ముందు నడుస్తుంటే, సైకిల్ ఈడ్చుకుంటూ నేను వెనకపడ్డాను. మొదటి మలుపు దగ్గర టైరు గీత తిన్నగా, ధీమాగా ఉంది. రెండో మలుపు దాటాక అది వంకర తిరిగి అంచు దాకా వెళ్లి, అక్కడితో అయిపోయింది. చుట్టూ ఎండుకట్టెలు. ఒక ఆడమనిషి చెప్పు.

ఇద్దరూ బతికే ఉన్నారు. బావ రాతిగోడకి ఆనుకుని కూర్చుని, వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. ఆవిడ కోడల్ని చూసి గోడవైపు పడ్డాడట. హ్యాండిల్ మోపుకి తగిలింది. మోపూ సైకిలూ కలిసి లోయలోకి వెళ్లిపోయాయి. మోపుని వదిలేసింది కాబట్టి మనిషి మిగిలింది. అరచేతులు చీరుకుపోయి, అంచువైపే చూస్తోంది.

"మోపు పోనాది అత్తా."

"పోతే పోనీలే" అని అత్త బావవైపు తిరిగింది. "ఏటి బాబూ, మండ కనబడ్లేదా?"

"కనబడింది. అందుకే తీసినాను" అన్నాడు బావ. మామూలుగా అయితే దానికి నేను నవ్వేవాణ్ని.

బావ చెయ్యి అతుక్కుంది. కొత్త సైకిల్‌కి గంట కూడా పెట్టాడు, షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది. మళ్లీ కొండెక్కాం. దిగేటప్పుడు చూస్తే సన్నబాట మొదట్లో మండ లేదు. తోటలో కట్టెలు ఏరుతున్న ఆ పెద్దావిడని అడిగాను.

"మానేసినాం బాబూ" అంది. "ఏసిందేసినట్టు తీసేత్తన్నారు. నీ బావొక్కడే గాదు, ఆళ్లందరూ మంచోళ్లే."

"ఇప్పుడు కిందెవరైనా ఉన్నారా?"

"ఏమో. నాను ఇప్పుడే వచ్చినాను."

బావ గంట కొట్టాడు. కింద ఎక్కడో ఓడ కూత పెట్టింది. బాట మాత్రం పలకలేదు. మోపు మోసే కాళ్లకి చప్పుడుండదు.

"ఎవరూ లేరంటావా బావా?" అన్నాడు.

ఇద్దరం దిగి, సైకిళ్లు నడిపించుకుంటూ సన్నబాటలోకి వెళ్లాం. మొదటి మలుపు తిరిగామో లేదో, పైన ఎక్కడో టైర్ల కింద గులకరాళ్లు చెదురుతున్న చప్పుడు మొదలైంది. వచ్చేవాడికి మంచి స్పీడుంది. మా వెనక మేమేమీ అడ్డం వేసి రాలేదు.

బావ గోడకి అంటుకుపోయి గంట కొట్టడం మొదలుపెట్టాడు.