మా అన్నయ్యను 'మీరు' అన్న టీచరమ్మ గారు

గురువారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. టీచరమ్మ గారు పోయారట, సాయంత్రమే సమాధుల తోటలో భూస్థాపనట. అప్పటికే మా అన్నయ్య సంచి తగిలించుకుని, ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి నా ఆటోలో కూర్చున్నాడు.

అన్నయ్యకు ముప్ఫై రెండేళ్ళు. పుట్టుకతోనే మాటా, అర్థం చేసుకోవడమూ నిదానం. అలాంటి పెద్దవాళ్ళకి చర్చి పక్క గదిలో టీచరమ్మ గారు వంట, బస్సెక్కడం, సంతకం నేర్పేవారు. మా వీధంతా అన్నయ్యను "ఒరేయ్" అంటుంది. ఆవిడ "మీకేం కావాలండి?" అని అడిగి, తన టీ చల్లారిపోయినా జవాబు వచ్చేదాకా కూర్చునేవారు.

చెబితే గోల చేస్తాడు, తీసుకురావద్దు అంది ఫోన్ చేసిన మా పిన్ని. టీచరమ్మ గారు ఊరెళ్ళారని చెప్పి అన్నయ్యను గదిలో పెట్టి గడియ వేశాను. తలుపు కొట్టలేదు. సంచి తియ్యకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

మధ్యాహ్నం నేను బయల్దేరబోతుంటే నిరుటి సంగతి గుర్తొచ్చింది. అన్నయ్య పన్ను పీకెయ్యమంటారా అని డాక్టరు నన్నడిగితే, పీకెయ్యండి అనేశాను. బయట కిరాయి ఉంది మరి. తెలిసి టీచరమ్మ గారు నన్ను పిలిపించారు.

"పన్ను ఎవరిదయ్యా?"

"అన్నయ్యదండి."

"మరి నువ్వెందుకు చెప్పావు?"

వాడు చెప్పేసరికి తెల్లారిపోతుందండి అని నసిగాను.

"తెల్లారనీ. నీ తొందర నీ ఆటోకి పెట్టుకో, ఆయనకి పెట్టకు."

తొమ్మిదిలోనే బడి మానేసిన నన్ను అంత ఓపిగ్గా ఇంకెవరూ తిట్టలేదు.

గడియ తీసి నిజం చెప్పాను. అన్నయ్య కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు.

"ఊరెళ్ళారన్నావు."

"అబద్ధం చెప్పాను. వస్తావా అన్నయ్యా?" అని అడిగి, ఆగాను.

"వస్తా."

సమాధుల తోట గేటు దగ్గర చర్చి సంఘ పెద్ద ఒకాయన అడ్డం వచ్చారు.

"వీణ్ణెందుకు తెచ్చావురా? ప్రార్థనలో అరిస్తే?"

అరవడండీ అనబోయి ఆ మాట మింగేశాను. "ఆయన్నే అడగండి."

పెద్దాయన అడగలేదు, పక్కకీ జరగలేదు. లోపల పెట్టె దింపుతున్నారు. అన్నయ్య పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావట్లేదు. నేనే చెప్పేస్తే అయిపోతుంది. పళ్ళు బిగించి నిలబడ్డాను.

"మట్టి వేస్తాను," అన్నాడు చివరికి. "మా టీచరు."

పెద్దాయన దారి వదిలారు.

అందరూ తలో పిడికెడూ వేసి వెళ్ళిపోయారు. అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గట్టి పెళ్ళలు ఒక్కొక్కటీ ఏరి, అరచేతుల మధ్య పిండిలా నలిపి, పెట్టె మీద చప్పుడు కాకుండా జారవిడుస్తున్నాడు. గుంట పూడ్చేవాళ్ళిద్దరూ పారలు నేలకానించి చూస్తూ ఉండిపోయారు.