దిష్టి తీస్తే మూడంతస్తులు కిందికి దిగినయ్

ఆ రోజులల్ల నాకు విమానమంటే నాదర్‌గుల్ మీద చక్కర్లు కొట్టే, నడుపుడు నేర్పే బుల్లి విమానాలే. ఎంతసేపు తిరిగినా మళ్ల నాదర్‌గుల్‌లనే దిగుతయి గనక, విమానం ఎక్కినోళ్లు యాడికీ పోరని చిన్నప్పటికెళ్లి నాకొక ధైర్యం. ఆ ధైర్యంతోనే మా ఆయన "కంపెనీ నన్ను ఏడాది ట్రైనింగుకు పోలండ్ పంపుతున్నది, నువ్వూ, మన బిడ్డ చిన్నదీ రావాలె" అనంగనే సరే అన్న. కొంగరకలాన్ దిక్కు ఒక చిన్న కంపెనీల మిషన్లు చూసేటోడు ఆయన. ఇబ్రహీంపట్నంల కూరగాయలామె కాడికెళ్లి టైలర్ దాక అందరికీ నేనే చెప్పుకున్న. పోలండ్ యాడుందని ఒక్కరడగలే, నా నసీబు మంచిగున్నది, అడిగితే నాకూ తెల్వది. "ఆడ మస్తు సలంట గదా" అని వాళ్లు జాలిగ చూసేది, నేను దేశం కోసం బార్డర్‌కు పోతున్నట్టు మొఖం పెట్టేది.

సూట్‌కేసులు సర్దింది మా అత్తమ్మ. స్వెటర్లు తక్కువ, ఎండుమిరపకాయలు ఎక్కువ. "బట్టలు ఆడ దొరుకుతయి, మిరపకాయలు దొరుకుతయా?" అన్నది. (దొరుకుతయి. ఆ ముచ్చట ఆమెకు ఇప్పటికీ చెప్పలే.)

కంపెనీ ఇచ్చిన ఇల్లు ఒక పాత బిల్డింగుల మీది అంతస్తు. ఏడాదికే గదా అని గోడకు మేకు కొట్టొద్దు, సోఫా జరపొద్దు, కుర్చీ గుంజితే సప్పుడు రావొద్దు. మా సొంతిల్లు గాదన్న సంగతి కుర్చీలకు కూడ తెలిసినట్టుండె. నిజానికి అది ఒంటరిగ వచ్చేటోళ్లకు ఇచ్చే ఇల్లు. మా ఆయన మేనేజర్‌ను బతిమిలాడి మమ్మల్ని తెచ్చుకున్నడు. మేనేజర్ ఒకటే మాటన్నడంట: పక్కోళ్లు కంప్లైంట్ ఇయ్యొద్దు, ఇస్తే పెండ్లాం, పిల్ల వెంటనే వాపస్ పోవాలె. "మా ఆమె గొంతు గడప దాటదు సార్" అన్నడు మా ఆయన. పెండ్లయినంక ఆయన చెప్పిన అబద్ధాలల్ల అదే పెద్దది.

దిగిన కొన్నొద్దులకే పల్లీల పచ్చడికని పొద్దుగాల్నే మిక్సీ ఏసిన. తలుపు మీద కర్రతోని టకటక. తెరిస్తే కింది ఇంట్ల ముసలామె. తెల్ల జుట్టు, పొడుగు కోటు, మూతి బిగబట్టి అచ్చం మా చిన్నప్పటి బడిల పెద్దమేడం లెక్క. (ఇగ ఆమెకు మా ఇంట్ల అదే పేరు.) తన భాషల ఫోన్‌తోని ఏదో చెప్పి మా ముందట పెట్టింది. ఇంకొక్కసారి ఇట్లయితే మీ కంపెనీకి చెప్తా అని ఆ ఫోను ఇంగ్లీషుల మస్తు మర్యాదగ బెదిరించింది. పోతూ పోతూ నా సంకల ఉన్న చిన్నదాని దిక్కు కండ్లార్పకుంట చూసింది. చిన్నదాన్ని గట్టిగ పట్టుకొని తలుపేసిన. ఇప్పుడిప్పుడే ముగ్గురం ఒక్క కప్పు కింద కాపురం మొదలుపెట్టినం, ఊరంతా చాటి వచ్చినం, మల్ల ఏ మొఖం పెట్టుకొని ఇబ్రహీంపట్నంల బస్సు దిగాలె?

దానికి తోడు చిన్నది తింటలేదు. రెండేండ్లు నిండని పిల్ల, ఆ దేశం గాలి తగిలిన కాడికెళ్లి నోరు తెరుస్తలేదు. పప్పన్నం పెడితే ఉమ్ముతది, పెరుగన్నం పెడితే తల తిప్పుకుంటది, పాలు తప్ప ఏం పోతలేదు. బుగ్గలు లోపలికి పోయినయి. నేను గిన్నె పట్టుకొని ఇల్లంత దాని ఎనుక తిరిగేది. మా ఆయన మాత్రం "ఆకలైతే అదే తింటది, సైన్స్" అని చెప్పి గుర్రు పెట్టేది. (ఆయనకు సైన్స్ నిద్రకు మస్తు అక్కరకొస్తది.)

ఒక ఆదివారం అత్తమ్మ వీడియో కాల్‌ల పిల్లను చూసి గుండెలు బాదుకున్నది. "గిది ఆకలి గాదే బిడ్డా, దిష్టి! ఎవరన్న గుచ్చి గుచ్చి చూసిన్రా?" పెద్దమేడం ముచ్చట చెప్పిన. "గదే మరి! ఉప్పు, మిరపకాయలు దిప్పి పొయ్యిల ఎయ్యి. ఘాటొస్తే ఏం లేనట్టు. రాలేదా, దిష్టి గట్టిగున్నట్టు."

ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనిచ్చి, పిల్లను కూసోబెట్టి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, కింది ఇంటి కర్రామె దిష్టి" అనుకుంట మూడు చుట్లు దిప్పి పెనంల ఏసిన. అది మంట పొయ్యి గాదు, అద్దం పలక. కింద తీగ మెల్లగ, తీరువాటంగ ఎర్రగైతది. "మంట లేంది గదేం పొయ్యి?" అని అత్తమ్మ నారాజైంది. ఇద్దరం పెనం దిక్కే చూస్తున్నం. ఘాటు లేదు. "చూసినవా! ఇంకో పిడికెడు ఎయ్యి." ఏసిన. లేదు. "అమ్మో, ఆమెవి కండ్లు గావు, నిప్పులు. ఇంకిన్ని ఎయ్యి." సంచి బోర్లిచ్చిన. పెనం ఇంకా వేడెక్కలేదన్న సోయి నాకు లేదు, ఏడు సముద్రాల అవతల ఉన్న ఆమెకు అసలే లేదు. సైన్స్ మొగడు పక్క రూంల క్రికెట్ చూస్తుండె.

ఆ పెనం ఒక్కసారిగ వేడెక్కింది. సలికి కిటికీలన్నీ బిగించిపెట్టిన ఇల్లాయె! పొగ లేసింది, నాకు కండ్లు కనవడలే, నెత్తి మీద అలారం మొత్తుకున్నది. ఒక్క మా ఇంట్ల అనుకున్న, బిల్డింగంతా మొత్తుకుంటున్నది. మా ఆయన దగ్గుకుంట ఉరికొచ్చి "ఏం జేసినవే?" అన్నడు. "దిష్టి తీసిన" అన్న. "ఎవలది, దేశానిదా?" అని పిల్లను, నన్ను కిందికి గుంజుకపోయిండు.

మంచుల మూడంతస్తుల జనం, ఇంటి చెప్పులతోని, దగ్గుకుంట, కండ్లు తుడుచుకుంట నిలవడ్డరు. ఫైరింజన్ వచ్చింది. ఇద్దరు మనుషులు మొఖాలకు మాస్కులు కట్టుకొని ఉరికి, జర సేపటికి నా పెనం, నా ఫోను పట్టుకొని దిగిన్రు. ఫోన్లకెళ్లి అత్తమ్మ అరుస్తనే ఉన్నది: "ఘాటొచ్చిందా, రాలేదా? ఎవరన్న చెప్పున్రి!"

"సూట్‌కేసులు దించాలె ఇగ" అన్నడు మా ఆయన మెల్లగ. నాకు ఏడుపొచ్చింది, మిరపకాయల ఏడుపు గాదు. అప్పుడే పెద్దమేడం మా దిక్కు వచ్చింది. తినేటప్పుడు అలారం మోగినట్టుంది, ఒక చేతిల కర్ర, ఇంకో చేతిల పళ్లెం. పళ్లెంల వెన్న పూసిన ఉడకబెట్టిన ఆలుగడ్డలు. నేను క్షమించమని దండం పెడుదామనుకునే లోపల మా చిన్నది చెయ్యి చాపి ఒక ముక్క అందుకొని నోట్లె పెట్టుకున్నది. నమిలింది. మింగింది. ఇంకోటి అందుకున్నది. మా ఆయన ఫోన్ల అంతా విప్పి చెప్పిండు, ఆమె దిష్టే అన్న ఒక్క ముక్క తప్ప. (ఆయనకు బుద్ధి పనిజేసింది ఆ ఒక్కసారే.) ఆమె పళ్లెం నా చేతికిచ్చి, తన ఫోన్ల జవాబు చెప్పి నా చెవికాడ పెట్టింది: "పిల్ల ఏడుపు రోజూ నాకు వినవడుతది. నన్నెందుకు అడగలేదు?"

బిల్డింగ్ మనిషి అడిగితే పెద్దమేడమే వంట మాడింది, నాకూ మాడుతదని చెప్పిందంట. కంప్లైంట్ పోలే. ఏడాది నిండేదాక ఉన్నం, చిన్నది సగం రోజులు కింది ఇంట్లనే బువ్వ తిన్నది. అత్తమ్మ ఇప్పటికీ అంటది, "చూసినవా, దిష్టి తియ్యంగనే తిన్నది." ఏమని వాదిస్తం!

ఇప్పుడు చిన్నది మూడో తరగతి. ఇబ్రహీంపట్నంల అపార్టుమెంటుల ఉంటున్నం. మొన్న కింది ఇంట్లకు ఒడిశా నుంచి ఒక పడుచు జంట కిరాయికి దిగిన్రు, సంకల చంటోడు. పొద్దు మాపు ఆవనూనె వాసన, పిల్లగాని ఏడుపు. ఒకనాడు పట్టలేక పోయి తలుపు కొట్టిన. ఆ పిల్లతల్లి తెరిచి నన్ను చూసి బిగుసుకపోయింది. పిల్లగాని దిక్కు చూసిన, వాడు బక్కగున్నడు. నా ఎనుకనే వచ్చిన, పెద్దమేడం ముచ్చట మస్తుసార్లు విన్న మా చిన్నది మెల్లగ అన్నది, "అమ్మా, నీకు కర్ర ఒక్కటే తక్కువ."

తిట్టుదామని పోయినదాన్ని, "బాబు తింటున్నడా?" అని నాకొచ్చిన హిందీల అడిగి, ఇంటికొచ్చి ఆలుగడ్డలు ఉడకబెట్టి పంపిన. మాపటికి కింది ఇంట్లకెళ్లి ఎండుమిరపకాయల ఘాటొచ్చింది. ఎవరి దిష్టో ఎవరిని అడగాలె! దగ్గుకుంట, నవ్వుకుంట పోయి కిటికీలన్నీ తెరిచిన.