ఊసరవెల్లి నీళ్ళు తాగిన రోజు

మొన్న గరాజ్ సర్దుతుంటే మా ఎదురింటి ఆంటీ వచ్చి, మూలన ఉన్న నిలువెత్తు వల పెట్టెను ఎగాదిగా చూసి, వడియాలు ఆరబెట్టుకోడానికి చేయించావా అని అడిగారు. కాదండీ, అందులో ఊసరవెల్లి కాపురం ఉండేది అన్నాను. ఆవిడ కాఫీ కప్పుతో సహా రెండడుగులు వెనక్కి వేశారు. నా ఈడువాళ్ళు మీరైనా పారిపోకుండా వింటారని చెబుతున్నాను.

అప్పటికి మేము కెనడాలోని బ్రాంప్టన్ వచ్చి ఆరేళ్ళు. అమ్మాయి ఎనిమిదో గ్రేడు. ఊరు మారుతున్న స్నేహితురాలు ఇచ్చిందని ఒక చలికాలపు సాయంత్రం చేపల గాజు తొట్టెలో ఊసరవెల్లిని పెట్టుకుని ఇంటికొచ్చింది. నేను బీఎస్సీ జువాలజీ చదివినదాన్ని, ఊసరవెల్లి నాలుక బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, నాకు ఒకరు చెప్పాలా? బయట మంచు పడుతోంది, వేడి దేశపు ప్రాణి పాపం అని తొట్టెకు మూత పెట్టి, మూత మీద పాత శాలువా కప్పి, లోపల స్టీలు గిన్నెతో నీళ్ళు పెట్టాను. అమ్మాయి ఒప్పుకోలేదు. దానికి గాలాడాలట, వల గూడు కావాలట, ఎక్కడానికి చెట్టు కావాలట, ఆకుల మీది నీటి చుక్కలే తాగుతుందట.

"అమ్మా, ఇట్ వోంట్ డ్రింక్ ఫ్రమ్ ఎ బౌల్."

"దాహమేస్తే అదే తాగుతుంది. లేకపోతే గ్లాసులో స్ట్రా వేసిమ్మంటావా?"

మూడు రోజులు వాదించుకున్నాం. గిన్నెలో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. మూడో రోజుకు దాని కళ్ళు లోపలికి పీక్కుపోయాయి, ఒళ్ళు ఎండుటాకు రంగుకు తిరిగింది.

"చచ్చిపోతుందమ్మా" అంది అమ్మాయి, ఈసారి తెలుగులో. నేను శాలువా లాగేసి మూత తీసేశాను.

మావారు పక్క ఊళ్ళో వేర్‌హౌస్ డ్యూటీ దిగి వస్తూ అల్యూమినియం వల, చెక్క పట్టీలు తెచ్చారు. ఎన్నడూ ఎవరి పక్షమూ మాట్లాడని మనిషి, మేకులు కొడుతూ కొడుతూనే అమ్మాయి పక్షం చేరిపోయారు. తొట్టెతో వచ్చిన దీపాలు పైన అమర్చారు. ఇక చెట్టు. ఇంట్లో చెట్టు అనదగ్గది ఒక్కటే, ఏటా చలి ముదరకముందే లోపలికి తెచ్చి, కిటికీ దగ్గర కంటికి రెప్పలా కాచుకుని, దేవుడికి వారానికొక పువ్వు పూయించుకునే నా మందారం. అమ్మాయి అడగలేదు, దానివైపు చూసిందంతే. నేనే కుండీ ఎత్తి గూట్లో పెట్టి, ఆకులన్నీ తడిసేలా నీళ్ళు చల్లాను.

కొమ్మ మీదికి ఎక్కించిన ఊసరవెల్లి చాలాసేపు కదలలేదు. తర్వాత ఒక కన్ను నావైపు, ఇంకో కన్ను ఆకువైపు, దేనికదే తిరిగాయి. ఆకు కొనన వేలాడుతున్న చుక్కను ముక్కుతో తాకి, నోరు తెరిచి అందుకుంది. ఇంకొకటి. ఇంకొకటి. గొంతు కింది సన్నటి చర్మం గుటక గుటకకూ కదులుతోంది. ఓ గంటకు, ముందు పక్కటెముకల దగ్గర, ఆపైన తోక దాకా, తడి బట్టకు రంగు పాకినట్టు పచ్చదనం పాకింది. నేను గీసిన బొమ్మల్లో ఇదేదీ లేదు. ముగ్గురం వల ముందు బాసింపట్టు వేసుకుని, అన్నం సంగతి మరిచి, ఒక ప్రాణి నీళ్ళు తాగడం చూస్తూ కూర్చున్నాం.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. మందారం ఆకులు కొరికి పెట్టినా నేనేమీ అనలేదు.

అమ్మాయి ఇప్పుడు మాంట్రియల్‌లో ఉద్యోగం చేస్తోంది, రోజూ ఫోన్ చేస్తుంది. వంట గురించో, దాని అపార్ట్‌మెంట్ గురించో నేనెంత అడ్డదిడ్డంగా చెప్పినా వాదించదు. సరేనమ్మా అంటుంది, ఎంతో మర్యాదగా. మూడు రోజులు ఎదురుగా నిలబడి, నాది తప్పని నా కళ్ళతోనే నాకు చూపించిన ఆ పిల్ల ఏమైపోయిందా అని, ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ అనుకుంటాను.