రెండు పేర్ల మాత్ర

బోర్డులు రాసే మేస్త్రి సగం జీవితం నిచ్చెన మీదే గడిచింది. అలాంటి మనిషి ఓ మధ్యాహ్నం బట్టల కొట్టు బోర్డు రాస్తూ కళ్లు బైర్లు కమ్మి, నిచ్చెనను వాటేసుకుని ఉండిపోయాడు. కొట్టువాళ్లు ఎలాగో కిందికి దించారు.

"ఎండ దెబ్బలే," అన్నాడు ఇంటికొచ్చి. మర్నాడు మంచం మీంచి లేస్తుంటే మళ్లీ ఇల్లంతా గిర్రున తిరిగింది. దాంతో, "ఇంకెవర్నైనా చూసుకోండి, నావల్ల కాదు," అని కొట్టుకు కబురంపాడు. ఆ మాట విని భార్య ఇక ఊరుకోలేదు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని, ఆయన్ని బలవంతంగా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ సంచి బల్ల మీద బోర్లించి, రెండు అట్టలు విడిగా తీసింది.

"ఇవి రెండూ వేసుకుంటున్నారా?"

"అవునమ్మా. ఒకటి పాత డాక్టరుగారిది, ఒకటి మొన్న కొత్తాయన రాసింది."

"రెండూ ఒకే బీపీ మందు. కంపెనీలు వేరు, పెట్టుకున్న పేర్లు వేరు. పెద్ద పేరు కింద చిన్నక్షరాలు చూడండి."

మేస్త్రి కళ్లజోడు సవరించుకుని చదివి నోరెళ్లబెట్టాడు.

"పాతది వాడుతున్నట్టు కొత్తాయనకు చెప్పలేదా?"

"ఒకరి దగ్గర ఇంకొకరి మాటెత్తితే బాగోదనుకున్నానమ్మా."

"బాగుంది మీ మర్యాద!" అంది భార్య.

డాక్టరమ్మ మూడో అట్ట తీసింది. మోకాళ్ల నొప్పికి ఆయనే కొనుక్కుని చాన్నాళ్లు మింగిన మాత్రలవి. నొప్పి తగ్గాక ఈమధ్యే మానేశాడు.

"బీపీ మందును ఇది సరిగా పని చేయనివ్వదు. అందుకే మొన్న బీపీ పెరిగి ఉంటుంది, కొత్తాయన మందు రాశాడు. ఇది మానేసరికి ఆ రెండూ కలిసి బీపీని మరీ దించేసి మిమ్మల్ని కింద పడేస్తున్నాయి."

ఒక్క మందే ఉంచి, కంపెనీ పేరు లేకుండా మందు పేరే రాసిచ్చింది. మందుల కొట్టులో దాని ధర విని భార్య వెనక్కొచ్చింది.

"ఇంత చవగ్గా ఉంది, పని చేస్తుందామ్మా?"

"అదే మందు, అదే మోతాదు. పేరుకయ్యే ఖర్చు లేదంతే."

"బోర్డు చిన్నదైతే సరుకు చెడ్డదా ఏంటే?" అన్నాడు మేస్త్రి. ఆయన నవ్వడం చూసి భార్య కూడా నవ్వేసింది.

నెల తిరిగేసరికి బీపీ అదుపులోకొచ్చింది, తల తిరగడం పోయింది. బడి గోడ మీద బొమ్మలు వేసే పని కూడా దొరికింది. భార్య మాత్రం టీ ఇచ్చే వంకతో వచ్చి, "ఆ ఏనుగు తొండం వంకరపోయింది, చూసుకోండి," అంటూ సాయంత్రం దాకా నిచ్చెన పక్కనే కూర్చుంది.