ఉప్పు లేని భోజనశాల

నాయన కడుపునొప్పికి కత్తి పెట్టక తప్పదని కర్నూలు డాక్టరు తేల్చేశాడు. మా పత్తి కొనే షావుకారు అడ్డం పడి, తుంగభద్ర ఒడ్డున డబ్బున్న పెద్దవాళ్ల కోసం వెలిసిన ప్రకృతి చికిత్సాలయంలో ఆయనకు చోటిప్పించాడు. మందులుండవు, కోతలుండవు, తిండితో కసరత్తుతోనే నయం చేస్తారన్నారు. తోడుగా నేను పోయాను. అమ్మ పోయినప్పటి నుంచి ఆయనకు నేనే దిక్కు. విత్తే గొర్రు తోలేది ఆయన, వెనకే నడుస్తూ దాని జడ్డిగం గిన్నెలో కొర్ర విత్తనం వదిలేది నేను.

భోజనశాలను చూస్తే మొదట భయమేసింది. పాలరాతి బల్లలు, పింగాణీ పళ్లాలు. పళ్లాల్లో మాత్రం పచ్చి దోసకాయ ముక్కలు, ఉడికించిన ఆకుకూర, ఉప్పు లేని గోధుమ రొట్టె. ప్రతి ముక్కా నోట్లో నీళ్లయ్యేదాకా నమలాలట. సంగటి ముద్దను పులుసులో అద్ది గుటుక్కున మింగే మాకు నమలడమే ఒక శిక్ష. పక్క బల్ల దగ్గర వకీలుగారు తిని లేచిపోయినా నాయన ఇంకా మొదటి రొట్టె మీదే ఉండేవాడు.

"మన ఎద్దులకు కూడా ఇంత ఉప్పేసి కుడితి పెడతాం గదమ్మా," అని గొణిగేవాడు.

కసరత్తు గదిలో నిలువుటద్దం, ఇనుప గుండ్లు, చెక్క గదలు. ఊరికే ఎత్తి మళ్లీ అక్కడే దించడం ఆయనకు అర్థం కాలేదు.

"ఎత్తిందాన్ని యాడికన్నా మోసకపోవాల గదప్పా!" అంటే నేర్పేవాడు నవ్వాడు.

అయినా ఏ మాటకా మాట చెప్పుకోవాలి, నొప్పి తగ్గింది. ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే కత్తితో పని లేదన్నాడు మేనేజరు.

ఇంతలో విత్తే అదను, మృగశిర కార్తె వచ్చింది. నాయనకు కుదురు పోయింది. గదలు వదిలేసి కిటికీకీ తలుపుకీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరిగేవాడు. ఆయన్ని అనేదేముంది? విత్తనం లేకపోయినా నా వేళ్లు వాటంతటవే కదిలేవి.

ఒక సాయంత్రం అందరం తింటూ ఉండగా పెద్ద వాన దిగింది. పడమట మెరిసింది. నాయన రొట్టె వదిలేసి లేచాడు.

"పడమటంటే మనూరేమ్మా. నేల పదును పోతాది, పోదాం పా."

"ఒకసారి గడప దాటితే మళ్లీ చేర్చుకోం. ఈ మంచం కోసం చాలామంది కాచుకుని ఉన్నారు," అన్నాడు మేనేజరు.

నాయన నా మొహం చూశాడు. ఆపాలనే ఉంది. చేతులకు మాత్రం విత్తాలని ఉంది. మూట కట్టాను.

మరునాడు బండెక్కాం. దారి పొడుగునా బురద. మా పొలిమేర దగ్గరికి వచ్చేసరికి చక్రాల కింద దుమ్ము లేచింది. అక్కడ చినుకు రాలలేదు. ఎద్దుకు ఒక కొమ్ము తడిస్తే ఇంకో కొమ్ము తడవని సీమ మాది. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన సంగతే, అయినా మోసపోయాం. నాకు ఏడుపు రాలేదు, ఆ మబ్బు మీద కోపం వచ్చింది.

నాయన బండి దిగి గట్టు మీద కూర్చున్నాడు. పిడికెడు పొడి మన్ను తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు. నా వైపు తిరిగి అడిగాడు:

"ఈ పొద్దు ఆడ ఏమి పెట్టింటారమ్మా?"

"దోసకాయ ముక్కలు, నాయనా."

"శానా బాగుండేటివి," అన్నాడు. ఆయన చెయ్యి అప్పటికే కడుపు మీదికి పోయింది.